కొలెస్ట్రాల్‌కు టీకా: పరీక్షలు ఎక్కడిదాకా వచ్చాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ చెప్పి రిటైరయ్యాను. తర్వాత కొన్నేళ్లు ఒక ఆస్పత్రి ఎథిక్స్ కమిటీలో కూర్చున్నాను. చుట్టాలు, పాత విద్యార్థులు, వాళ్ల అమ్మానాన్నలు ఫోన్ చేసి అడిగేవాటిలో ఈ టీకా సంగతి తప్పకుండా ఉంటుంది. ఎలుకల మీద ఏదో పరీక్ష బాగా జరిగిందని వార్త వస్తే చాలు, వారం రోజులు ఫోన్ మోగుతూనే ఉంటుంది. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. అందువల్ల కొన్ని సంగతులు రెండోసారి కనిపిస్తాయి, విసుక్కోకండి.

## వార్త చూడగానే వచ్చే సందేహాలు

కొలెస్ట్రాల్‌కి టీకా వచ్చేసిందట కదా, ఎక్కడ వేస్తున్నారు?

ఎక్కడా వేయడం లేదు. ఇప్పటివరకు ఏ దేశమూ కొలెస్ట్రాల్ టీకాకు అనుమతి ఇవ్వలేదు. జంతువుల మీద చాలా ప్రయోగాలు జరిగాయి. మనుషుల మీద జరిగినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, అవీ చిన్నవే. డబ్బు తీసుకుని కొలెస్ట్రాల్ వ్యాక్సిన్ వేస్తామని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

టీకా అంటే క్రిములకి కదా. కొవ్వుకి టీకా ఏమిటి?

టీకా కొవ్వు మీద వేసేది కాదు. పీసీఎస్‌కే9 అని మన కాలేయం తయారుచేసే ఒక ప్రొటీన్ ఉంది, ఈ టీకాలలో ఎక్కువ వాటి గురి దాని మీదే.

కాలేయ కణాల పైన ఎల్‌డీఎల్‌ను, అంటే చెడు కొలెస్ట్రాల్‌ను, పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. ఒక్కో రిసెప్టర్‌ను రేవు దాటించే పడవ అనుకోండి. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను ఎక్కించుకుని కణం లోపలికి వెళుతుంది, సరుకు దింపేసి మళ్లీ పైకి వస్తుంది. ఇలా వందసార్లకు పైగా తిరగగలదు. పీసీఎస్‌కే9 దానికి అతుక్కుంటే మాత్రం సరుకుతో పాటు పడవ కూడా లోపలే ముక్కలైపోతుంది. పడవలు తగ్గేకొద్దీ ఎల్‌డీఎల్ రక్తంలోనే మిగిలిపోయి ధమనుల గోడల్లోకి చేరుతుంది.

పీసీఎస్‌కే9లోని ఒక చిన్న ముక్కను శరీరానికి శత్రువులా చూపించి, దాన్ని పట్టుకునే యాంటీబాడీలను మన శరీరం చేతనే తయారు చేయించడం ఈ టీకా పని.

ఆ ప్రొటీన్‌ని అణిచేస్తే ఒంటికి ఏమీ కాదా? దేవుడు ఊరికే పెట్టడు కదా?

మంచి ప్రశ్న. అదృష్టం ఏమిటంటే, ప్రకృతే ఈ పరీక్ష ముందుగా చేసి పెట్టింది. 2003లో ఫ్రాన్స్‌లో, కొలెస్ట్రాల్ విపరీతంగా ఉన్న కుటుంబాల్లో ఈ జన్యువు మితిమీరి పనిచేస్తోందని కనిపెట్టారు. ఆ తర్వాత అమెరికాలోని డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఎదురుగా వెతికారు. పుట్టుకతోనే ఈ జన్యువు సరిగా పనిచేయనివాళ్లు ఉన్నారా అని చూస్తే, దొరికారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా పాడైన జన్యువే వచ్చిన ఒకావిడ ఎల్‌డీఎల్ 14 మాత్రమే. ఆవిడ ఆరోగ్యంగా ఉంది, పిల్లల్ని కంది, వ్యాయామాలు నేర్పేది.

ఇది ధైర్యమిచ్చే సాక్ష్యమే. కాకపోతే పుట్టుకతో లేకపోవడం ఒకటి, యాభయ్యో ఏట టీకాతో అణచడం ఇంకొకటి. ఆ తేడా కోసమే పరీక్షలు.

ఆరు నెలలకోసారి వేసే సూది ఉందని మా కార్డియాలజిస్టు చెప్పారు. అది టీకాయే కదా?

కాదు. ఆ మందు పేరు ఇంక్లిసిరాన్. మొదటి డోసు, మూడు నెలలకు రెండోది, ఆ తర్వాత ఆరు నెలలకోసారి వేస్తారు కాబట్టి వార్తల్లో చాలామంది టీకా అని రాసేశారు. అది కాలేయ కణాల్లో పీసీఎస్‌కే9 తయారీనే ఆపుతుంది. దానికీ రోగనిరోధక వ్యవస్థకూ సంబంధం లేదు, యాంటీబాడీలు పుట్టవు. ఎల్‌డీఎల్‌ను దాదాపు సగానికి తగ్గిస్తుంది. ఐరోపాలో 2020 చివర్లో, అమెరికాలో 2021 చివర్లో అనుమతి వచ్చింది. మన దేశంలోనూ దొరుకుతోంది, ధర మాత్రం మామూలు కుటుంబం మోయగలిగేది కాదు.

ఇన్ని మందులుండగా మళ్లీ టీకా ఎందుకు?

ధర, తయారీ, ఓపిక, ఈ మూడింటి వల్ల. పీసీఎస్‌కే9ను పట్టే యాంటీబాడీలను ఫ్యాక్టరీలో చేసి సూదిగా ఇచ్చే మందులు 2015 నుంచీ ఉన్నాయి. ఎవలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ అంటారు. బాగా పనిచేస్తాయి. కానీ పెద్ద పెద్ద ట్యాంకుల్లో బతికున్న కణాలను పెంచి తీయాల్సిన మందు అది. రెండు వారాలకో నెలకో ఒకసారి, బతికినంతకాలం వేసుకోవాలి. టీకా డోసులో ఉండేది మైక్రోగ్రాముల లెక్కన చిన్న ప్రొటీన్ ముక్క, మిగతా పని మన శరీరమే చేసుకుంటుంది. పనిచేస్తే పల్లెలో ఏఎన్‌ఎం చేతికి కూడా అందే మందు అవుతుంది. నాకు దీని మీద ఆశ చావకపోవడానికి కారణం ఇదే.

జన్యువుని సవరించి ఒక్కసారితో నయం చేస్తారని చదివాను. అదీ ఇదీ ఒకటేనా?

వేరు వేరు. జీన్ ఎడిటింగ్ కాలేయ కణాల డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మార్చి పీసీఎస్‌కే9ను శాశ్వతంగా మూసేస్తుంది. 2022లో న్యూజీలాండ్‌లో మొదటి మనిషికి ఇచ్చారు. టీకా డీఎన్‌ఏ జోలికి వెళ్లదు.

## ల్యాబ్‌లో, జంతువుల మీద

ఎలుకల్లో సగానికి తగ్గిందట. మనలోనూ అంతే తగ్గుతుందిగా?

ఆ వార్త నిజమే, మనుషుల్లో మాత్రం ఆశించిన ఫలితం రాలేదు. వియన్నాకు చెందిన ఆఫిరిస్ కంపెనీ ఏటీ04ఏ అనే టీకా చేసింది. 2017లో ఎలుకల ఫలితాలు బయటపెట్టారు. కొవ్వు తిండి పెట్టిన ఎలుకల్లో మొత్తం కొలెస్ట్రాల్ 53 శాతం తగ్గింది, ధమనుల్లో పూడికల నష్టం 64 శాతం తగ్గింది. వినడానికి అద్భుతం.

అయితే అవి మామూలు ఎలుకలు కావు. కొలెస్ట్రాల్ విషయంలో మనిషిలా ప్రవర్తించేలా జన్యువులు మార్చినవి. వయసులో చిన్నవి, ఒకే తిండి, ఒకే గూడు. పైగా ఎలుక శరీరం టీకాకు స్పందించే జోరు మనకు ఉండదు. అదే టీకా మనుషులకు ఇచ్చినప్పుడు తగ్గుదల 11 నుంచి 13 శాతం దగ్గరే ఆగింది.

అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయం వాళ్లు, ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ వాళ్లతో కలిసి ఇంకో దారి పట్టారు. బ్యాక్టీరియాను పట్టే ఒక వైరస్ పైపెంకును ఖాళీగా తీసుకుని, దాని మీద పీసీఎస్‌కే9 ముక్కలను ముళ్లలా అమర్చారు. ఎలుకల్లోనూ కోతుల్లోనూ ఎల్‌డీఎల్ తగ్గింది. కోతుల్లో టీకాకు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించడానికి ఇప్పుడు వాడే మామూలు బిళ్ల) తోడు చేస్తే ఇంకా బాగా తగ్గింది. ఎలుకల వార్తకన్నా కోతుల వార్తను నేను ఎక్కువ శ్రద్ధగా చదువుతాను.

ఈ ప్రయత్నం ఈమధ్యే మొదలైందా?

అరవై ఏళ్లు దాటింది. 1959లోనే హంగరీ శాస్త్రవేత్తలు జంతువులకు ఎల్‌డీఎల్ లాంటి కొవ్వు కణాలనే టీకాగా ఇచ్చి, ధమనుల పూడిక తగ్గిందని రాశారు. 1995లో అమెరికాలో కుందేళ్లకు, రసాయనికంగా మార్పు చెందిన ఎల్‌డీఎల్‌ను ఇచ్చి చూశారు. వాటిలోనూ పూడిక తగ్గింది.

ఈ దారిలో గమ్మత్తు ఏమిటంటే, రక్తంలో కొలెస్ట్రాల్ అంకె తగ్గనక్కర లేదు. ధమని గోడలో ఇరుక్కుని పాడైన ఎల్‌డీఎల్ మీద శరీరం చేసే యుద్ధాన్ని చల్లార్చడమే దాని ఉద్దేశం. న్యుమోనియా టీకాతో పుట్టే కొన్ని యాంటీబాడీలు పాడైన ఎల్‌డీఎల్‌ను కూడా గుర్తుపడతాయని 2003లో ఎలుకల్లో తేలింది. దాని ఆధారంగా ఆస్ట్రేలియాలో మనుషుల మీద పెద్ద పరీక్షే మొదలుపెట్టారు.

మంచి కొలెస్ట్రాల్ పెంచే టీకా చేయొచ్చు కదా?

చేశారు. ఆ కథ తెలిస్తే ఈ రంగంలో ఎందుకంత జాగ్రత్త పడతారో అర్థమవుతుంది.

మంచి కొలెస్ట్రాల్‌నే హెచ్‌డీఎల్ అంటారు. హెచ్‌డీఎల్‌లోని కొలెస్ట్రాల్‌ను ఎల్‌డీఎల్ వైపు మళ్లించే సీఈటీపీ అనే ప్రొటీన్ ఉంది. దాన్ని ఆపితే మంచి కొలెస్ట్రాల్ పెరుగుతుందని సెటీ-1 అనే టీకా చేశారు. కుందేళ్లలో హెచ్‌డీఎల్ పెరిగింది, పూడికలు తగ్గాయి. మనుషులకు ఇస్తే యాంటీబాడీలైతే పుట్టాయి కానీ హెచ్‌డీఎల్‌లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అక్కడితో ఆగిపోయింది.

అదే సీఈటీపీని ఆపే బిళ్ల కూడా ఒకటి వచ్చింది, టోర్సెట్రాపిబ్ అని. దాన్ని 15 వేల మందికి పైగా పరీక్షించారు. హెచ్‌డీఎల్ 72 శాతం పెరిగింది. రిపోర్టు చూస్తే డాక్టర్లకైనా పండగే. కానీ ఆ బిళ్ల వాడినవాళ్లలో 93 మంది చనిపోయారు, వాడనివాళ్లలో 59 మంది. బీపీ పెరగడం లాంటి దుష్ఫలితాలు అంకె చాటున దాక్కున్నాయి. 2006 డిసెంబర్‌లో పరీక్ష ఆపేశారు. టీకా ఆ దశ దాకా వచ్చి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను. బిళ్లైతే మర్నాడు మానేయొచ్చు.

## మనుషుల మీద తొలి దశ

మనుషులకి ఇచ్చి చూశారా? ఎవరికి, ఎంత తగ్గింది?

చూశారు. 2015లో వియన్నా వైద్య విశ్వవిద్యాలయంలో 72 మంది ఆరోగ్యవంతుల మీద మొదలైంది. సగటు వయసు నలభై, సగటు ఎల్‌డీఎల్ 117. ఇరవైనాలుగేసి మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఆఫిరిస్ కంపెనీ టీకా ఏటీ04ఏ, ఇంకో జట్టుకు అదే కంపెనీ చేసిన ఏటీ06ఏ, మూడో జట్టుకు మందులేని సూది. నాలుగేసి వారాల ఎడంతో మూడు డోసులు, అరవయ్యో వారంలో బూస్టర్. తొంభై వారాలు గమనించారు.

రెండు టీకాలకూ యాంటీబాడీలు వచ్చాయి. ఎల్‌డీఎల్ తగ్గింది మాత్రం ఏటీ04ఏ వేసినవాళ్లలోనే. ఇరవయ్యో వారానికి 11 శాతం, బూస్టర్ తర్వాత డెబ్బయ్యో వారానికి 13 శాతం. మొత్తం కాలమంతా కలిపి, మందులేని సూది జట్టుతో పోల్చి సగటు తీస్తే 7 శాతమే. సూది వేసినచోట నొప్పి, ఎరుపు, కాస్త నీరసం, తలనొప్పి, ఒళ్లునొప్పులు కనిపించాయి. 2023లో ఆస్ట్రేలియాలో వీఎక్స్‌ఎక్స్-401 అనే ఇంకో టీకాకు కూడా తొలిదశ పరీక్ష మొదలైంది.

పదమూడు శాతమేనా? దానికోసం టీకా ఎందుకు వేసుకోవాలి?

నేనూ మొదట ఇలాగే అన్నాను. లెక్క వేసి చూద్దాం. 117లో 13 శాతం అంటే పదిహేను పాయింట్లు. స్టాటిన్ పరీక్షలన్నీ కలిపి చూసిన లెక్కల ప్రకారం ఎల్‌డీఎల్ సుమారు 39 పాయింట్లు తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి 22 శాతం తగ్గుతాయి. ఆ లెక్కన పదిహేను పాయింట్లకు దక్కేది దాదాపు 9 శాతం. బిళ్ల దీనికన్నా ఎన్నో రెట్లు నయం.

ఇక్కడితో ఆపేస్తే అసలు సంగతి జారిపోతుంది. డల్లాస్ శాస్త్రవేత్తలే 2006లో మరో లెక్క చూపించారు. పీసీఎస్‌కే9లో చిన్న లోపంతో పుట్టిన తెల్లజాతి అమెరికన్లలో ఎల్‌డీఎల్ 15 శాతమే తక్కువ. ఆ పాటి తేడాకే, పదిహేనేళ్లు గమనిస్తే, వాళ్లలో గుండె ధమనుల జబ్బు 47 శాతం తక్కువగా ఉంది. నల్లజాతివాళ్లలో ఇంకా గట్టి లోపం ఉన్నవాళ్లకు ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువ, జబ్బు 88 శాతం తక్కువ.

ఒకచోట పదిహేను శాతానికి అంత లాభం, ఇంకోచోట ఇంత తక్కువ. ఎందుకు? కాలం వల్ల. ధమనుల్లో పూడిక ఒక్కరోజులో పడదు, చెరువులో మేటలా ఏళ్ల తరబడి పడుతుంది. యాభయ్యో ఏట బాగా తగ్గించుకోవడం కన్నా ఇరవయ్యో ఏట నుంచీ కొంచెం తక్కువగా ఉండటం మేలు చేసింది. టీకాకు ఏదైనా బలం ఉంటే అది ఇక్కడే. స్టెంటు పడ్డ పెద్దాయనకు ఈ 13 శాతం చాలదు. ఇంకా జబ్బే మొదలుకాని కుర్రాడికి, ముప్పై ఏళ్లు నిలిస్తే, చాలా విలువైనది కావచ్చు.

మన ఒంటి ప్రొటీన్ మీదకే శరీరాన్ని ఉసిగొల్పితే ప్రమాదం కాదా?

ఈ భయం ఊహ కాదు, అనుభవం. అల్జీమర్స్ జబ్బుకు ఏఎన్1792 అనే టీకాను పరీక్షిస్తుండగా, వేసుకున్నవాళ్లలో సుమారు 6 శాతం మందికి మెదడు, దాని పొరలు వాచాయి. 2002లో పరీక్ష ఆపేశారు. యాంటీబాడీలతో ఆగకుండా, ఆ ప్రొటీన్ మీదకు టీ కణాలు (నేరుగా దాడికి దిగే ఒక రకం తెల్ల రక్తకణాలు) కూడా ఎగబడటమే కారణమని తేల్చారు.

ఆ దెబ్బతో తయారీ పద్ధతే మారింది. ఇప్పుడు పీసీఎస్‌కే9 నుంచి చాలా చిన్న ముక్క మాత్రమే తీసుకుంటారు, టీ కణాలు గుర్తుపట్టలేనంత చిన్నది. దాన్ని శరీరానికి పూర్తిగా పరాయిదైన పెద్ద ప్రొటీన్‌కు కడతారు. వియన్నా టీకాలో అది ఒక రకం సముద్రపు నత్త నుంచి తీసిన ప్రొటీన్. టీ కణాల కోపమంతా నత్త ప్రొటీన్ మీదకు పోతుంది, మన ప్రొటీన్ మీద యాంటీబాడీలు మాత్రమే పుడతాయి. తొలి పరీక్షలో ఇది అనుకున్నట్టే సాగింది. అయితే వేలల్లో ఒకరికి వచ్చే దుష్ఫలితం 72 మందిలో కనబడదు.

ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం కదా?

నిజం. బిళ్లను మానేసినట్టు టీకాను మానలేం. కాకపోతే ఈ టీకాల ప్రభావం శాశ్వతం కాదు. మన రక్తంలో పీసీఎస్‌కే9 ఎప్పుడూ తిరుగుతున్నా, పరాయి ప్రొటీన్ తోడు లేకపోతే శరీరం మళ్లీ కొత్తగా రెచ్చిపోదు. నెలలు గడిచేకొద్దీ యాంటీబాడీలు తగ్గిపోతాయి, అందుకే బూస్టర్ వేయాల్సి వచ్చింది. భద్రత వైపు నుంచి చూస్తే ఈ బలహీనత మంచిదే. గర్భం దాల్చబోయే అమ్మాయిల విషయంలో మాత్రం ఆ నెలలు కూడా ఎక్కువే, అందుకే తొలి పరీక్షల్లోకి వాళ్లను తీసుకోరు.

బీపీకి కూడా టీకా చేశారని విన్నాను, ఏమైంది?

బీపీని పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ మీద చేశారు. 2008లో వచ్చిన ఫలితాల్లో, 72 మందిలో ఎక్కువ డోసు పడ్డవాళ్లకు పగటిపూట బీపీ పై అంకె 9 పాయింట్లు తగ్గింది. డోసులు త్వరత్వరగా ఇస్తే ఇంకా బాగుంటుందని చూస్తే, ఆ పాటి ఫలితం కూడా రాలేదు.

## పెద్ద పరీక్షలు

కొలెస్ట్రాల్ తగ్గిందని తేలితే చాలదా? గుండెపోటు తగ్గిందని కూడా చూపించాలా?

చూపించాలనే నేనంటాను. ఎల్‌డీఎల్ తగ్గితే చాలని అనుమతి ఇచ్చే ఆనవాయితీ మందులకు ఉంది, దానికి కారణమూ ఉంది. స్టాటిన్లు, పీసీఎస్‌కే9 సూదులు అన్నిటిలోనూ ఎల్‌డీఎల్ తగ్గినంత మేర గుండెపోట్లు తగ్గాయి. కానీ ఆ మందులు తీసుకునేవాళ్లు అప్పటికే జబ్బుపడ్డవాళ్లు లేదా పడబోయేవాళ్లు. టీకాను ఆరోగ్యవంతులకు ఇవ్వాలనుకుంటున్నాం.

పెద్ద పరీక్ష అంటే ఎంత పెద్దదో చెబుతాను. ఎవలోక్యుమాబ్ గుండెపోట్లను తగ్గిస్తుందని 2017లో నిరూపించడానికి 27,564 మంది కావలసి వచ్చారు. అందరూ అప్పటికే గుండెజబ్బో పక్షవాతమో కాళ్ల ధమనుల జబ్బో ఉన్నవాళ్లు. ఎల్‌డీఎల్ 92 నుంచి 30కి దిగింది. రెండేళ్లకు పైగా గమనిస్తే ప్రమాదాలు 15 శాతం తగ్గాయి. అంత బలమైన మందుకే అంతమంది కావలసివస్తే, 13 శాతం తగ్గించే టీకాను ముప్పై ఏళ్లవాళ్లలో నిరూపించడానికి ఎంతమంది కావాలి, ఎన్నేళ్లు పట్టాలి? ఏ వయసులో టీకా బాగా పనికొస్తుందో ఆ వయసులోనే దాన్ని నిరూపించడం అన్నిటికన్నా కష్టం. ఈ ముడి విప్పకుండా ఏ టీకా మన దాకా రాదు.

కోవిడ్ టీకా ఏడాదిలో వచ్చింది. దీనికి ఇన్నేళ్లా?

కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు, టీకా వేసుకున్నవాళ్లలో ఎంతమందికి జబ్బు వచ్చింది, వేసుకోనివాళ్లలో ఎంతమందికి వచ్చింది అనేది నాలుగైదు నెలల్లోనే తేలిపోయింది. గుండెజబ్బు అలా రాదు. ఆరోగ్యంగా ఉన్న వెయ్యిమంది కుర్రాళ్లను ఏడాది గమనిస్తే ఒక్క గుండెపోటు కూడా రాకపోవచ్చు. రానిదాన్ని టీకా ఆపిందని ఎలా చెబుతాం?

## పరీక్షలో చేరాలనుకునేవారికి

మన దగ్గర ఇలాంటి ట్రయల్ మొదలైతే అది నిజమైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

సీటీఆర్‌ఐ నంబరు అడగండి. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్‌ను ఆ ప్రభుత్వ రిజిస్టర్‌లో ముందుగా నమోదు చేయాలి. ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం ఉందా అని కూడా అడగండి. అడిగితే చిరాకు పడేచోట చేరవద్దు. చేరడానికి మిమ్మల్ని డబ్బు కట్టమంటే అది ట్రయలే కాదు.

ఖమ్మంలో ఆడపిల్లలకి టీకాలు వేసి గొడవైంది కదా. ఎలా నమ్మమంటారు?

గుర్తుంది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. కొందరు పిల్లల మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఆ టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతోంది. తప్పు అడిగే పద్ధతిలో జరిగింది. ఎథిక్స్ కమిటీలో ఉన్నప్పుడు ప్రతి సమ్మతి పత్రాన్నీ నేను తెలుగులో పైకి చదివించేవాణ్ణి. పదో తరగతి చదివినవాళ్లకు అర్థంకాని వాక్యం ఉంటే వెనక్కి పంపేవాళ్లం. మీకు ఇచ్చిన కాగితం అర్థం కాకపోతే సంతకం పెట్టకండి. ఇంటికి తీసుకెళ్లి నలుగురితో మాట్లాడే హక్కు మీకుంది.

నాకు మందులేని సూది పడితే ఏం లాభం?

మీకు నేరుగా లాభం లేకపోవచ్చు, ఆ మాట వాళ్లు ముందే చెప్పాలి. మీకు ఏది పడిందో మీకూ, చాలా పరీక్షల్లో డాక్టరుకూ తెలియదు. రెండు జట్లనూ పోల్చకపోతే తగ్గుదల టీకావల్లో, తిండి మార్పువల్లో తేలదు. ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: ఇప్పుడు వాడుతున్న స్టాటిన్ కొనసాగుతుందా అని. స్టెంటు పడ్డవారి చేత మందు మాన్పించే పరీక్షను నేనైతే ఒప్పుకోను.

మధ్యలో మానేయొచ్చా? ఏదైనా అయితే ఎవరు చూస్తారు?

ఏ క్షణమైనా మానేయొచ్చు, కారణం చెప్పనక్కర లేదు. దానివల్ల ఆ ఆస్పత్రిలో మీ మామూలు వైద్యం ఆగకూడదు. 2019లో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, పరీక్ష వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం ఇవ్వాలి. కాగితాల నకలు ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి. టీకా పడ్డాక పరీక్ష నుంచి తప్పుకున్నా, రక్తపరీక్షలకు మాత్రం వెళ్లి రండి. యాంటీబాడీలు ఇంకా ఒంట్లోనే ఉంటాయి.

## ఈలోగా

టీకా వస్తుంది కదా, అప్పటిదాకా బిళ్లలు ఆపేయనా?

వద్దు, దయచేసి ఆ పని చేయకండి. ఈ ప్రశ్న అడిగి, నేను జవాబు చెప్పేలోపే మందు మానేసినవాళ్లు ఉన్నారు. అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాముల బిళ్ల ఎల్‌డీఎల్‌ను దాదాపు సగం తగ్గిస్తుంది. మనుషుల్లో టీకా చూపించింది 13 శాతం. దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతా దేశాలవాళ్లకు 59 దగ్గర అని పెద్ద అధ్యయనంలో తేలింది. మనకు ఆ ఆరేళ్లు ముందే పోయాయి, ఇంకా పోగొట్టుకోవద్దు. బిళ్లతో ఒళ్లునొప్పులు వస్తుంటే డాక్టరుకు చెప్పండి. డోసు మార్చవచ్చు, వేరే స్టాటిన్ ఇవ్వవచ్చు, ఎజెటిమైబ్ అనే ఇంకో రకం కొలెస్ట్రాల్ బిళ్ల తోడు చేయవచ్చు.

కోవిడ్ టీకా తర్వాత కుర్రాళ్లు కుప్పకూలుతున్నారంటున్నారు. మళ్లీ గుండెకే టీకా అంటే భయమేస్తోంది.

భయపడటంలో తప్పులేదు, ఇంట్లో అలాంటి చావు చూసినవాళ్ల బాధ నాకు తెలుసు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దీని మీద 47 ఆస్పత్రుల్లో అధ్యయనం చేసింది. 18 నుంచి 45 ఏళ్ల మధ్య హఠాత్తుగా చనిపోయిన 729 మందిని, అదే వయసులో బతికున్న 2,916 మందితో పోల్చింది. టీకా వల్ల ప్రమాదం పెరిగినట్టు కనబడలేదు. ఇంట్లో ఎవరైనా అలా హఠాత్తుగా చనిపోయి ఉండటం, కోవిడ్‌తో ఆస్పత్రిపాలు కావడం, చనిపోవడానికి ముందు మితిమీరి తాగడం, విపరీతమైన శ్రమ, ఇవి కనబడ్డాయి.

ఇప్పుడున్న టీకాల్లో గుండెకి మేలు చేసేవి ఉన్నాయా?

ఉంది, ఫ్లూ టీకా. గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో చేరినవాళ్లకు మూడు రోజుల్లోపే ఫ్లూ టీకా వేసి చూశారు. ఐరోపా దేశాలతో పాటు బంగ్లాదేశ్, ఆస్ట్రేలియా కూడా ఉన్న పరీక్ష, 2,571 మంది పాల్గొన్నారు. ఏడాదిలో చనిపోయినవాళ్లు టీకా వేసినవాళ్లలో 2.9 శాతం, వేయనివాళ్లలో 4.9 శాతం. 2021లో ఫలితాలు వచ్చాయి. కొలెస్ట్రాల్‌తో దీనికి సంబంధం లేదు. ఫ్లూ జ్వరం ఒంట్లో రేపే మంట ధమనిలోని పూడిక పగలడానికి కారణమవుతుంది, దాన్ని టీకా ఆపుతుంది. స్టెంటు పడ్డ ప్రతి ఒక్కరూ దీని గురించి తమ డాక్టర్ని అడగాలి.

మా బాబుకి తొమ్మిదేళ్లు, ఎల్‌డీఎల్ 520. మాది మేనరికం. ఈ టీకా వాడికి పనికొస్తుందా?

చాలావరకు పనికిరాదమ్మా. ఇంత ఎక్కువగా ఉందంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఎల్‌డీఎల్ రిసెప్టర్ జన్యువులో లోపం వచ్చి ఉండవచ్చు. టీకా రిసెప్టర్లను కాపాడుతుంది. అసలు పనిచేసే రిసెప్టర్లే లేనప్పుడు కాపాడటానికి ఏమీ ఉండదు. పీసీఎస్‌కే9 సూదులకూ ఇదే ఇబ్బంది.

అలాగని చేతులెత్తేయాల్సిన పని లేదు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, వేళ్ల సందుల్లో, మడమ వెనక నరం మీద పసుపురంగు గడ్డలున్నాయేమో చూడండి. వాటిని చర్మవ్యాధి అనుకుని తిరుగుతూ విలువైన ఏళ్లు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. పెద్ద ఆస్పత్రిలో పిల్లల గుండె డాక్టరుకు చూపించి ఎకో చేయించండి. బలమైన స్టాటిన్, ఎజెటిమైబ్ ఈ వయసులోనే మొదలుపెడతారు. డయాలసిస్ లాగా రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను వడకట్టే పద్ధతి ఉంది. రిసెప్టర్‌తో పనిలేకుండా ఎల్‌డీఎల్‌ను తగ్గించే ఎవినాక్యుమాబ్ అనే మందుకు 2021లో అమెరికాలో అనుమతి వచ్చింది. కాలేయ మార్పిడి కూడా కొందరికి చేస్తారు.

మీ ఇద్దరూ, బాబు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ, అటు మేనమామలూ ఇటు మేనత్తలూ వాళ్ల పిల్లలూ, అందరూ ఈ నెలలోనే లిపిడ్ ప్రొఫైల్ చేయించుకోండి. ఒక్క వైపు లోపం ఉన్నవాళ్లు పైకి ఆరోగ్యంగానే ఉంటారు. వాళ్లకు మాత్రం మామూలు బిళ్లే బాగా పనిచేస్తుంది.